పాచెమ్ ఇన్ తెర్రిస్ సంఘం గురించి కూడా పాఠం చెప్పండి

తెలుగు రాష్ట్రాల కథోలిక గురువిద్యాలయాల్లోనూ, ఉపదేశకుల శిక్షణ కేంద్రాల్లోనూ శ్రీసభ చరిత్ర బోధించే వారికి బహిరంగ లేఖ

పూజ్యులైన గురువులకు, సిస్టర్లకు, ఉపదేశకులకు

క్రీస్తునందు వందనాలు.

ఇరవయ్యో శతాబ్దపు శ్రీసభ చరిత్రలో కమ్యూనిస్టు దేశాల అధ్యాయం రాగానే మొదట వినిపించేవి జైళ్ల పాలైన పీఠాధిపతుల పేర్లు. హంగరీలో మిండ్‌సెంతి, పోలండ్‌లో విషిన్‌స్కి, ప్రాగ్‌లో బెరాన్. ఆ పేర్లు చెప్పి తీరాల్సిందే. అయితే పాఠం అక్కడితో ముగిస్తే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ పీఠాధిపతుల దగ్గర పట్టాభిషేకం పొందిన గురువుల్లోనే వందల మంది ప్రభుత్వం పెట్టించిన సంఘాల్లో ఎందుకు చేరారు? అందరూ పిరికివాళ్లని గానీ ద్రోహులని గానీ తేల్చేసి ముందుకు సాగితే, గురువు కాబోయే విద్యార్థికి ఆ చరిత్ర ఏ విధంగానూ పనికిరాదు.

మా విన్నపం ఒక్కటే. చెకొస్లొవాకియా ఉదాహరణను కమ్యూనిస్టు పాలన సాగిన 1948 నుంచి 1989 దాకా పూర్తిగా తీసుకుని, ప్రభుత్వ గురువుల సంఘం ఎలా పనిచేసిందో తరగతిలో విప్పి చూపించండి. ఈ దేశాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఒకే ప్రభుత్వం ఒకే పనిని మూడుసార్లు మూడు రకాలుగా చేసింది. మొదటిసారి విఫలమైంది. రెండోసారి పాక్షికంగా నెగ్గింది. మూడోసారి పాచెమ్ ఇన్ తెర్రిస్ ('భూమిపై శాంతి') అనే గురువుల సంఘాన్ని పెట్టి దాదాపు పద్దెనిమిదేళ్లు నడిపింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు పట్టు ఎక్కడుందో కనబడుతుంది.

మొదటి ప్రయత్నం 1949 జూన్ 10న ప్రాగ్‌లో మొదలైంది. 'కథోలిక కార్యాచరణ' అన్న పేరుతో ప్రభుత్వం ఒక ఉద్యమాన్ని పుట్టించి, గురువుల చేతా విశ్వాసుల చేతా సంతకాలు పెట్టించసాగింది. చాలామంది అది శ్రీసభ సొంత కార్యక్రమమే అనుకుని సంతకం చేశారు. పీఠాధిపతులు వెంటనే ఉమ్మడి లేఖ రాసి జూన్ 19న చర్చిల్లో చదివించారు. అదే రోజు పునీత వీతుస్ మహాదేవాలయంలో అగ్రపీఠాధిపతి యోసెఫ్ బెరాన్ ప్రసంగిస్తుంటే, ప్రభుత్వం పంపిన మనుషులు కేకలతో ఆపేశారు. ఆయన్ను ఆ రోజు నుంచే తన భవనంలో బంధించారు. ఆ తర్వాత చోటు మార్చి చోటు తిప్పారు. 1965లో కార్డినల్‌గా రోముకు వెళ్లేదాకా ఆయనకు తన పీఠం మళ్లీ దక్కలేదు. జూన్ 20న రోములో విశ్వాస సిద్ధాంతాలను పర్యవేక్షించే పవిత్ర కార్యాలయం ఆ ఉద్యమం చీలిక ఉద్యమమని ప్రకటించింది. సంతకం పెట్టినవాళ్లలో పెద్ద సంఖ్యలో గురువులు వెనక్కు తీసుకున్నారు.

ఇక్కడ విద్యార్థుల చేత ఒక విషయం గమనింపజేయాలి. ఆ ప్రయత్నం ఓడిపోయింది, ఎందుకంటే అది గురువును నేరుగా 'పీఠాధిపతా, ప్రభుత్వమా' అని అడిగింది. అంత సూటిగా అడిగితే చాలామంది సరైన జవాబే ఇస్తారు. ప్రభుత్వం ఈ సంగతి త్వరగా గ్రహించింది. తర్వాత ఎప్పుడూ ఆ ప్రశ్న అంత బాహాటంగా వేయలేదు.

నాలుగు నెలలకే, 1949 అక్టోబర్ 14న, 217, 218 నంబర్ల చట్టాలు వచ్చాయి. నవంబర్ 1 నుంచి అమలు. పాఠంలో ఎక్కువ సమయం వీటికే కేటాయించండి. తర్వాత నలభై ఏళ్లు జరిగినదానికి పునాది ఇదే. 217 ప్రభుత్వ శ్రీసభ వ్యవహారాల కార్యాలయాన్ని పెట్టింది. ఆ కార్యాలయం 1956లో రద్దయి దాని పని మంత్రిత్వ శాఖకు మారింది గానీ, జిల్లా, ప్రాంత స్థాయుల్లో 'శ్రీసభ కార్యదర్శులు' అన్న పేరుతో పనిచేసే ప్రభుత్వ అధికారులు అలాగే ఉండిపోయారు. 218 అన్ని మతశాఖల గురువుల జీతాలను ప్రభుత్వ ఖజానా మీద పెట్టింది. పైకి చూస్తే ఉదారమైన చట్టం. అయితే అంతకు ముందే భూసంస్కరణలో చర్చి భూములు పోయాయి. కాబట్టి ఆ జీతం ఒక్కటే గురువుకు మిగిలిన ఆధారం.

జీతంతో పాటు వచ్చింది 'ప్రభుత్వ సమ్మతి'. దీన్ని నల్లబల్ల మీద విడమరిచి రాయండి. ఒక గురువు దివ్యబలిపూజ చేయాలన్నా, ప్రసంగించాలన్నా, పాపసంకీర్తనం వినాలన్నా పీఠాధిపతి నియామకం ఒక్కటీ చాలదు. ప్రభుత్వానికి ప్రమాణం చేసి, రాతపూర్వకంగా సమ్మతి పొందాలి. ఆ సమ్మతి ఫలానా పదవికి, ఫలానా చోటికి మాత్రమే. పక్క విచారణకు (ఒక గురువు పరిధిలోని చర్చి ప్రాంతానికి) బదిలీ అయితే మళ్లీ కొత్తగా పొందాలి. ఇచ్చేది కార్యదర్శి. ఏ కారణం చెప్పకుండా వెనక్కు తీసుకోగలిగేదీ ఆయనే. సమ్మతి పోతే జీతం పోతుంది, నివాసం పోతుంది, బహిరంగ సేవ నేరమవుతుంది. 1961 శిక్షాస్మృతి 178వ సెక్షన్ ప్రకారం 'మతసంస్థల పర్యవేక్షణకు ఆటంకం' కలిగిస్తే రెండేళ్ల దాకా జైలు. ఫ్లాటులో నలుగురికి బలిపూజ చేసిన గురువును ఇదే సెక్షన్ కింద పట్టుకెళ్లేవారు. సమ్మతి పోగొట్టుకున్న గురువులు బాయిలర్లు మండించారు, కిటికీలు తుడిచారు, గోదాముల్లో పనిచేశారు. పౌర హక్కులు కోరుతూ 1977లో వెలువడిన చార్టర్ 77 అనే ప్రకటన మీద సంతకం చేసిన గురువు వాత్స్లావ్ మాలీ 1979లో సమ్మతి కోల్పోయారు. కమ్యూనిస్టు పాలనను కూల్చిన 1989 నవంబర్ సభలను వేదిక మీద నడిపించినది ఆయనే. తర్వాత ప్రాగ్ సహాయ పీఠాధిపతి అయ్యారు.

218లో ఇంకొక చిన్న నిబంధన ఉంది. పాఠ్యపుస్తకాలు దాన్ని దాటవేస్తాయి. ఖాళీ అయిన పదవిని ముప్పై రోజుల్లో నింపాలి, లేకపోతే ప్రభుత్వం తానే 'అవసరమైన చర్యలు' తీసుకోవచ్చు. దీన్ని సమ్మతితో కలిపి చదివితే ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. పీఠాధిపతి ఒక పేరు పంపుతాడు, కార్యదర్శి సమ్మతి ఇవ్వడు. రెండో పేరు పంపుతాడు, దానికీ ఇవ్వడు. ముప్పై రోజులు గడుస్తాయి. ఇప్పుడు కార్యదర్శి తనకు నచ్చిన పేరు చెబుతాడు. ఎక్కడా చట్టం ఉల్లంఘన జరగలేదు. పీఠాధిపతి మీద ఒక్క దెబ్బ పడలేదు. మేత్రాసన (పీఠాధిపతి పరిధిలోని ప్రాంతపు) కార్యాలయం మాత్రం చేతులు మారింది. దానికి తోడు 1950ల మొదట్లో మేత్రాసన కార్యాలయాల్లో ప్రభుత్వ ప్రతినిధులను కూర్చోబెట్టారు. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం వాళ్ల చూపు దాటి పోయేది కాదు.

ప్రమాణం విషయంలో పీఠాధిపతులు ఏం చేశారో కూడా చెప్పండి. పూర్తిగా నిరాకరిస్తే ఒక్క ఏడాదిలో విచారణలన్నీ గురువులు లేకుండా పోయేవి. అందుకని 'దేవుని చట్టానికి, శ్రీసభ చట్టానికి, మనిషి సహజ హక్కులకు విరుద్ధం కానంతవరకు' అన్న షరతుతో ప్రమాణం చేయవచ్చని అనుమతించారు. ఇది సరైన నిర్ణయమా కాదా అన్నది తరగతిలో చర్చకు పెట్టదగిన విషయం. షరతు మనస్సాక్షిని కాపాడింది. ప్రభుత్వ దస్త్రంలో మాత్రం ప్రమాణం చేసినట్టే నమోదైంది. తర్వాత ఎవరూ ఆ షరతును పట్టించుకోలేదు.

1950 ఏప్రిల్ 13 రాత్రి పురుష మఠాల మీద ఒకేసారి దాడి చేశారు. రెండు విడతల్లో సుమారు 2,400 మంది మఠవాసులను ఎంపిక చేసిన మఠాలకు తరలించి నిర్బంధించారు. ఏప్రిల్ 28న ప్రెషోవ్‌లో ఒక నకిలీ మహాసభ జరిపి, తూర్పు ఆరాధన రీతిని పాటిస్తూ రోముతో ఐక్యంగా ఉన్న గ్రీకు కథోలిక శ్రీసభనే చట్టం నుంచి తుడిచేశారు. ఆ పీఠాధిపతి పావెల్ గోయ్‌దిచ్ 1960లో లెయొపొల్దోవ్ జైల్లో మరణించారు. గురువిద్యాలయాలు అన్నీ మూసి, చెక్ ప్రాంతాలకు ఒకటి, స్లొవాకియాకు ఒకటి మాత్రమే ఉంచారు. ప్రవేశాల సంఖ్య ప్రభుత్వం నిర్ణయించేది. ఈ సంగతులు మన పుస్తకాల్లో కొంతవరకు దొరుకుతాయి కాబట్టి వీటి మీద ఎక్కువ సేపు ఆగనక్కర్లేదు.

ఇంత భయం చుట్టూ ఉన్నప్పుడు 1951లో రెండో ప్రయత్నంగా 'కథోలిక గురువుల శాంతి ఉద్యమం' వచ్చింది. దాని ముఖం యోసెఫ్ ప్లోయ్‌హర్. ఆయన గురువు, 1948 నుంచి 1968 దాకా ఆరోగ్య మంత్రి కూడా. ఈసారి ఎవరినీ రోముకు వ్యతిరేకంగా సంతకం చేయమనలేదు. అణుబాంబుకు వ్యతిరేకంగా చేయమన్నారు. శాంతి కావాలా అని అడిగితే గురువు వద్దని ఎలా అంటాడు? జిల్లా స్థాయిలో సమావేశం, రాజకీయ ఉపన్యాసం, ఒక తీర్మానం, హాజరు పట్టీ. ఆ పట్టీ కార్యదర్శి బల్ల మీదకు చేరేది.

తరగతిలో చెప్పేటప్పుడు 'చేరడం' అంటే ఏమిటో స్పష్టంగా చెప్పండి. ఎక్కువమంది ఏ సిద్ధాంతాన్నీ ఒప్పుకుని చేరలేదు. చర్చి పైకప్పు కారుతోంది, మరమ్మతుకు కార్యదర్శి అనుమతి కావాలి. పిల్లలకు బడిలో సత్యోపదేశం చెప్పడానికి అనుమతి కావాలి. పట్నం దగ్గరి విచారణ కావాలి, లేదా ఉన్న విచారణ నుంచి కొండప్రాంతానికి పంపకుండా ఉంటే చాలు. రోముకో లూర్దుకో వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. వీటన్నిటికీ ఒకే బల్ల దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ బల్ల మీద హాజరు పట్టీ ఉంటుంది. కథోలిక వారపత్రిక, గురువుల కోసం వచ్చే మాసపత్రిక, కారితాస్ సేవాసంస్థ కూడా క్రమంగా ఆ ఉద్యమం మనుషుల చేతుల్లోకి పోయాయి. అంటే బలిపూజ పుస్తకం అచ్చు వేయించుకోవాలన్నా, ముసలి మఠకన్యలకు ఆశ్రయం కావాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి.

దీనివల్ల నష్టపోయింది విడిగా ఏ ఒక్క గురువో కాదు. పదిమందిలో ముగ్గురు వెళ్తే, వెళ్లని ఏడుగురు వేరుగా కనబడిపోతారు. ప్రభుత్వానికి కావలసింది వాళ్ల జాబితా. ఒక గురువు తన విచారణ కోసం చేసిన చిన్న రాజీ పక్క గురువును మరింత ఒంటరిని చేసేది. ఆ సంఘాల్లోని అసలు హాని ఇదని మా అభిప్రాయం. విద్యార్థులకు ఇది అర్థమైతే, 'నేనైతే చేరేవాణ్ని కాదు' అని తేలిగ్గా చెప్పడం మానేస్తారు.

1968 వసంతంలో ప్రభుత్వం పట్టు సడలించి కాస్త గాలి ఆడగానే ఆ ఉద్యమం కొద్ది వారాల్లో కూలిపోయింది. దాని స్థానంలో మే నెలలో వెలెహ్రాద్ పుణ్యక్షేత్రంలో, అప్పుడు ప్రాగ్ మేత్రాసనాన్ని నడుపుతున్న పీఠాధిపతి ఫ్రాంటిషెక్ తొమాషెక్ అధ్యక్షతన 'మహాసభ నవీకరణ' అనే కొత్త సంస్థ మొదలైంది. రెండవ వాటికన్ మహాసభ బోధనలను విచారణల్లోకి తీసుకెళ్లడం దాని పని. ఆగస్టు 21న సోవియట్ సైన్యం వచ్చింది. కొత్త సంస్థకు ప్రభుత్వ గుర్తింపు దక్కకుండానే కథ ముగిసింది. పదిహేడేళ్లు నడిచిన సంఘం కొద్ది వారాల్లో ఎందుకు కూలిపోయిందని విద్యార్థులను అడగండి. బలవంతం తీసేయగానే అందులో నిలిచేంత నమ్మకం ఎవరికీ లేదు.

1971 ఆగస్టు 31న మూడో ప్రయత్నం, పాచెమ్ ఇన్ తెర్రిస్ గురువుల సంఘం. స్లొవాకియాలో అదే పేరుతో మరొకటి. పేరు 23వ జాన్ పోపు గారు 1963 ఏప్రిల్ 11న రాసిన విశ్వలేఖ నుంచి తీసుకున్నారు. కథోలికులు ఎంతో గౌరవించే పేరు, రోము నుంచే వచ్చిన పేరు. దాన్ని విమర్శిస్తే పోపు గారి బోధనను విమర్శించినట్టు వినబడాలన్నది ఎత్తుగడ. సంఘం సభ్యుల్లో విచారణ గురువులే కాకుండా, పీఠాధిపతి లేనిచోట మేత్రాసనాలను నడిపే వికార్లు కూడా ఉండేవారు. 1973 మార్చిలో రోము ప్రతినిధి అగొస్తీనో కజరోలి చెకొస్లొవాకియాలో నలుగురు కొత్త పీఠాధిపతులకు అభిషేకం చేశారు. వారిలో ఒలొమౌత్స్‌కు వచ్చిన యోసెఫ్ వ్రానా ఆ సంఘంలో ముందు వరుస నాయకుడు.

ఈ చోట పాఠం ఇబ్బందికరంగా ఉంటుంది, దాటవేయకండి. జైళ్లలో ఏళ్ల తరబడి గడిపి బయటికొచ్చిన గురువులకు ఆ అభిషేకం ఎంత గాయం చేసిందో ఊహించవచ్చు. రోము వాదన కూడా తేలిగ్గా కొట్టేయదగినది కాదు. పీఠాధిపతి లేకపోతే గురుపట్టాభిషేకాలు లేవు, గురువులు లేకపోతే సంస్కారాలు లేవు. లోపం ఉన్న పీఠాధిపతి చేతి పట్టాభిషేకం కూడా చెల్లుతుంది. కానీ ఆ ఒప్పందంతో ఖాళీలు తీరలేదు. 1980ల చివరికి ఆ దేశంలోని పదమూడు మేత్రాసనాల్లో అత్యధికం పీఠాధిపతి లేకుండానే ఉన్నాయి. ఇచ్చింది ఎక్కువ, వచ్చింది తక్కువ అని మేము చెబుతాం. మీరు ఒప్పుకోకపోవచ్చు. రెండు వాదనలూ విద్యార్థి ముందు ఉంచితే చాలు.

1982 మార్చి 8న గురువుల వ్యవహారాల రోము కార్యాలయం, కార్డినల్ సిల్వియో ఒద్ది సంతకంతో, 'క్విదామ్ ఎపిస్కోపి' అన్న ప్రకటన వెలువరించింది. ఏ దేశం పేరూ అందులో లేదు. కానీ రాజకీయ లక్ష్యాలను నేరుగా గానీ చాటుగా గానీ సాధించే గురువుల సంఘాలను, అవి మానవత, శాంతి, సామాజిక ప్రగతి అన్న పైముసుగుతో ఉన్నా సరే, నిషేధించింది. తొమాషెక్ ఆ నిషేధం పాచెమ్ ఇన్ తెర్రిస్‌కు వర్తిస్తుందని తన గురువులకు స్పష్టం చేశారు. ప్రభుత్వ పత్రికలు విరుచుకుపడ్డాయి. సంఘం రద్దు కాలేదు, స్లొవాకియాలో ఇంకా గట్టిగానే నిలిచింది. అయినా ఆ ప్రకటన ఒక పని చేసింది. సమావేశానికి రమ్మని కార్యదర్శి పిలిస్తే, గురువుకు ఇప్పుడు చెప్పుకోవడానికి తన సొంత ధైర్యం కాకుండా మరో కారణం దొరికింది: 'మా చట్టం ఒప్పుకోదు.' భయపడే మనిషికి అలాంటి ఆసరా ఎంత అవసరమో కార్యాలయాల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

దీన్ని 1983 శ్రీసభ చట్టంతో కలిపి బోధించండి. 278వ నిబంధన మొదటి భాగం గురువులకు సంఘం పెట్టుకునే హక్కు ఇస్తుంది, మూడో భాగం గురుత్వ బాధ్యతలకు సరిపడని సంఘాలకు దూరంగా ఉండమంటుంది. రెండూ ఒకే నిబంధనలో ఉన్నాయన్నది ముఖ్యం. గురువుల సంఘం అన్నదే తప్పు అని విద్యార్థులు అనుకోకూడదు. ఒక సంఘం ఎలాంటిదో తేల్చడానికి మేము వాడే ప్రశ్నలు ఇవి: దాన్ని ఎవరు పుట్టించారు, అద్దె ఎవరు కడుతున్నారు, అధ్యక్షుణ్ని ఎవరు దింపగలరు, పీఠాధిపతి మాట అందులో చెల్లుతుందా, అన్నిటికన్నా ముఖ్యంగా, సభ్యుడు రేపు రాజీనామా చేస్తే అతని విచారణ, జీతం, పాస్‌పోర్టు అలాగే ఉంటాయా. చివరి ప్రశ్నకు జవాబు 'ఉండవు' అయితే, దాని నియమావళిలో ఎంత మంచి మాటలున్నా అది స్వచ్ఛంద సంఘం కాదు.

ఎదురు నిలిచినవారి గురించి చెప్పేటప్పుడు కూడా పని ఎలా నడిచిందో, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పండి. యాన్ కొరెట్స్ 1951 ఆగస్టులో, 27 ఏళ్ల వయసులో రహస్యంగా పీఠాధిపతి అయ్యారు. ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేస్తూ గురువులకు పట్టాభిషేకాలు చేశారు. 1960లో అరెస్టై 12 ఏళ్ల శిక్ష పడింది. 1991లో కార్డినల్ అయ్యారు. తొమాషెక్ కూడా 1949 అక్టోబరులో రహస్యంగా అభిషేకం పొందినవారే. మొరావియాలో ఫెలిక్స్ దావీదెక్ 1967లో రహస్య పీఠాధిపతి అయి, వివాహితులకు గురుపట్టం ఇచ్చారు. 1970 డిసెంబర్ 28న లుద్మిలా యవొరొవా అనే స్త్రీకి కూడా ఇచ్చారు. సందేశం అందక, రోముతో సంప్రదింపు లేక, ఎవరు ఎవరికి పట్టాభిషేకం చేశారో రాసుకోవడమే ప్రమాదమైన పరిస్థితి అది. 1989 తర్వాత ఈ పట్టాభిషేకాలు చెల్లుతాయా అన్న సందేహం పెద్ద సమస్య అయింది. 1992లో రోము నియమాలు ఇచ్చి, సందేహం ఉన్నవారికి షరతుతో కూడిన పట్టాభిషేకం చేయించింది. కొందరు ఒప్పుకున్నారు. కొందరు అవమానంగా భావించి దూరమయ్యారు. రహస్యం కాపాడినదే తర్వాత రుజువును మింగేసింది. వీరిని వీరులుగా మాత్రమే చూపితే ఈ కష్టం కనబడదు.

పుస్తకాల సంగతి తేలికైనది గానీ విద్యార్థులకు ఆసక్తి కలిగిస్తుంది. పలుచని కాగితాల మధ్య కార్బన్ పెట్టి టైప్‌రైటర్ మీద గట్టిగా కొడితే ఒకసారికి పది పన్నెండు ప్రతులు వచ్చేవి. చివరి ప్రతులు మసక. ప్రతి పాఠకుడూ మళ్లీ కొట్టి పంచాలి. 'శ్రీసభ సమాచారం' అనే రహస్య పత్రిక 1980 నుంచి ఈ తరహాలోనే నడిచింది. ప్రభుత్వ వారపత్రిక రాయని అరెస్టులు అందులో ఉండేవి.

1985 జులైలో వెలెహ్రాద్‌లో, స్లావులకు సువార్త అందించిన పునీత మెథోదియుస్ 1100వ వర్ధంతి. ప్రభుత్వం దాన్ని శాంతి సభగా మలచాలనుకుంది. లక్షకు పైగా జనం వచ్చారు. సంస్కృతి మంత్రి మిలాన్ క్లుసాక్ 'పునీత' అన్న మాట లేకుండా మెథోదియుస్ పేరెత్తితే, జనం 'పునీత మెథోదియుస్' అని అరిచి సరిదిద్దారు. 1987 చివర్లో మొరావియాకు చెందిన రైల్వే ఉద్యోగి అవుగుస్తిన్ నవ్రాతిల్ 31 అంశాల వినతిపత్రం తయారుచేశారు. మొదటి కోరిక శ్రీసభనూ ప్రభుత్వాన్నీ వేరుచేయాలని, అంటే 218 చట్టం గుండెకాయనే అడిగారు. 1988 జనవరి 4న తొమాషెక్ దాన్ని బహిరంగంగా బలపరుస్తూ, భయం, పిరికితనం క్రైస్తవుడికి తగవని రాశారు. ఆరు లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. నవ్రాతిల్‌ను మానసిక చికిత్సాలయంలో పెట్టారు. ఇదే తొమాషెక్ 1977 జనవరిలో చార్టర్ 77కు తాను దూరమని ప్రకటించారని మరిచిపోకుండా చెప్పండి. పదకొండేళ్లలో ఒక వృద్ధుడు ఎంత దూరం నడిచారో అప్పుడే తెలుస్తుంది. 1988 మార్చి 25న బ్రాతిస్లావాలో కొవ్వొత్తుల సభ జరిగింది. నిర్వాహకులు ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలిపారు, సమయం అరగంటే అన్నారు, ఖాళీ మేత్రాసనాలకు పీఠాధిపతులు, మత స్వేచ్ఛ, పౌర హక్కులు అన్న మూడు కోరికలే పెట్టారు. నినాదాలు లేవు. వానలో వెలుగుతున్న కొవ్వొత్తుల మీదకు నీటి ఫిరంగులు వదిలారు. పాచెమ్ ఇన్ తెర్రిస్ 1989 డిసెంబరులో తనంతట తానే రద్దయింది.

ఇక ఒక హెచ్చరిక. ఇప్పుడు విద్యార్థులు ఫోన్‌లోనే పాత రహస్య పోలీసుల జాబితాలు వెతికి, ఫలానా గురువు ఏజెంటట అని మాట్లాడుకోగలరు. సంఘ సభ్యత్వం ఒకటి, రహస్య పోలీసులకు సహకారం మరొకటి. సభ్యత్వం బహిరంగం. సహకారం దస్త్రాల్లో ఉంటుంది, ఆ దస్త్రాల్లో చాలా భాగం 1989 డిసెంబరు మొదట్లో కాల్చేశారు, చించేశారు. చాలా చోట్ల నమోదు పుస్తకంలో ఒక్క పంక్తి తప్ప ఏదీ మిగల్లేదు. ఆ పంక్తిలో ఏ కోవ కింద రాశారో చూడాలి. 'అభ్యర్థి' అని ఉంటే, ఆ మనిషిని లాగాలని పోలీసులు అనుకున్నారని మాత్రమే అర్థం. అతనికి ఆ సంగతే తెలియకపోవచ్చు. 'పరిశీలనలో ఉన్న వ్యక్తి', 'శత్రువు' అని ఉంటే అతను బాధితుడు. 'ఏజెంటు' అని ఉన్నా, సొంత చేతి సంతకంతో ఒప్పుకోలు పత్రం ఉందా, డబ్బు రసీదులున్నాయా, నివేదిక అతను రాశాడా లేక అధికారి తన లెక్క నింపుకోవడానికి రాశాడా, ఎన్నాళ్లు సాగింది, ఎవరికి నష్టం జరిగింది అన్నవి చూడకుండా ఒక్క మాట కూడా అనకూడదు. 1992లో అనధికారికంగా అచ్చయిన జాబితాల్లో ఈ తేడాలు సరిగా తెలియవు. వాటిని తరగతిలోకి తేవద్దు. చెక్ భద్రతా దస్త్రాల భాండాగారం, స్లొవాకియాలోని జాతీయ స్మృతి సంస్థ మూల దస్త్రాలను చూపిస్తాయి. వాటినే ఆధారం చేసుకోండి.

ఈ పాఠాన్ని మన దగ్గరి వామపక్షాన్ని విమర్శించే సందర్భంగా మార్చవద్దని కూడా కోరుతున్నాం. తెలంగాణ సాయుధ పోరాటం జ్ఞాపకం ఉన్న కుటుంబాల పిల్లలు మీ తరగతుల్లో కూర్చుంటారు. వాళ్ల ముందు నిజం మొత్తం పెట్టాలి. 1939 నుంచి 1945 దాకా స్లొవాక్ రాజ్యానికి అధ్యక్షుడు యోసెఫ్ తిసో అనే కథోలిక గురువు. ఆ రాజ్యం 1942లోనే సుమారు 58 వేల మంది యూదులను నాజీల చేతికి పంపింది. తిసోను 1947లో ఉరితీశారు. రాజకీయాల్లో గురువుల పాత్ర గురించి కమ్యూనిస్టులు చేసిన ప్రచారం కొందరికి నమ్మదగినదిగా ఎందుకు తోచిందో దీన్ని దాచిపెడితే అర్థం కాదు. చెక్ ప్రాంతాల్లో హాబ్స్‌బుర్గ్ చక్రవర్తుల కాలపు శ్రీసభ అధికారం మీద ఉన్న పాత కోపం కూడా అలాంటిదే.

చైనా గురించి విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. అక్కడి కథోలిక దేశభక్త సంఘం 1957లో వచ్చింది. 2018 సెప్టెంబర్ 22న రోము, బీజింగ్ మధ్య పీఠాధిపతుల నియామకంపై ఒప్పందం కుదిరింది. 2024లో నాలుగేళ్లకు పొడిగించారు. దాని పాఠం ఇప్పటికీ బయటపెట్టలేదు. చెకొస్లొవాకియాతో పోల్చవచ్చు గానీ ఒక తేడా మరవకూడదు. చెకొస్లొవాకియాలో సంఘంలో చేరకుండా కూడా సమ్మతి పొందడం చట్టప్రకారం సాధ్యమే. చైనాలో ప్రభుత్వ నమోదులోనే శ్రీసభ స్వతంత్రత సూత్రాన్ని ఒప్పుకోమంటారు. 2019 జూన్ 28న రోము ఇచ్చిన మార్గదర్శకాలు, నమోదు చేసుకునే గురువు కథోలిక విశ్వాసానికి కట్టుబడి ఉంటానని వీలైతే రాతలో చేర్చమన్నాయి. 1950 నాటి షరతు ప్రమాణం ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఆ ప్రమాణం తర్వాత ఏమైందో చదివిన విద్యార్థి ఈ మార్గదర్శకాలను మరింత జాగ్రత్తగా చదువుతాడు. ఏ దారి ఎంచుకున్నా చైనా గురువుల మీద మాత్రం చులకన మాట రానివ్వకండి.

దీనికి నాలుగు పీరియడ్లు చాలు. మొదటిది 1949 రెండు చట్టాలకు, రెండోది మూడు ప్రయత్నాలకు, మూడోది 1982 ప్రకటనకు, 278వ నిబంధనకు, నాలుగోది రహస్య శ్రీసభకు, దస్త్రాలకు. ప్రకటన లాటిన్ పాఠం రోము అధికారిక పత్రిక 'ఆక్తా అపొస్తొలికె సెదిస్' 74వ సంపుటిలో ఉంది, మీ గ్రంథాలయాల్లో వెతకండి.

పరీక్షలో 'పాచెమ్ ఇన్ తెర్రిస్ గురించి వ్రాయుము' అని అడగకండి. ఈ ప్రశ్న ఇచ్చి చూడండి: 1975. మొరావియాలో ఒక విచారణ గురువు. చర్చి పైకప్పు మరమ్మతు దరఖాస్తు కార్యదర్శి దగ్గర ఎనిమిది నెలలుగా ఉంది. వచ్చే మంగళవారం సంఘం జిల్లా సమావేశానికి పిలుపు వచ్చింది. పక్క విచారణ గురువు వెళ్లనని ఇప్పటికే చెప్పేశాడు. మేత్రాసనంలో పీఠాధిపతి లేడు. ఆ గురువు ఏం చేయాలి, ఎవరిని అడగాలి, వెళ్తే ఎవరికేం జరుగుతుంది, వెళ్లకపోతే ఎవరికేం జరుగుతుంది? ఒక పేజీలో రాయండి.

ఇట్లు,
మధ్య ఐరోపా శ్రీసభ చరిత్రను అధ్యయనం చేస్తున్న కొందరు తెలుగు కథోలికులు